నడుస్తున్న కారులో రెండు హెడ్‌లైట్లూ ఒకేసారి ఆరిపోయాయి: బల్బులా, వైరింగా?

సాగర్‌నగర్ వాసి

మాది 2004 నాటి చిన్న పెట్రోలు కారు, ఒకరు వాడిన తరువాత కొన్నాము. పోయిన శనివారం రాత్రి భీమిలిలో పెళ్లి భోజనం ముగించుకుని తీరం రోడ్డు మీదుగా ఇంటికి వస్తుండగా, తొట్లకొండ దాటాక వచ్చే మలుపులో రెండు హెడ్‌లైట్లూ ఒకేసారి ఆరిపోయాయి. ముందుగా మసకబారడం గానీ మిణుకుమనడం గానీ లేదు. మీటరు దీపాలు వెలుగుతున్నాయి, పార్కింగ్ లైట్లు ఉన్నాయి, ఇంజను ఆగలేదు, రేడియోలో పాట కూడా ఆగలేదు. వేగం 50 దాకా ఉంది. ఎదురుగా బండ్లేవీ లేకపోవడంతో హజార్డ్ లైట్లు వేసి, మెల్లగా ఎడమ అంచుకు తీసి ఆపగలిగాను. కొంతసేపు ఆగి స్విచ్చి తిప్పితే ఏమీ జరగనట్టు మళ్లీ వెలిగాయి.

మర్నాడు మా వీధి చివరి మెకానిక్కు రెండు బల్బులూ మార్చి, ఇక ఇబ్బంది ఉండదని చెప్పాడు. వారం తిరక్కుండానే హనుమంతవాక కూడలి దగ్గర మళ్లీ అదే జరిగింది. అక్కడ వీధి దీపాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఇప్పుడు మరో ఎలక్ట్రీషియను కారు మొత్తం వైరింగు మార్చాలని, 9,000 రూపాయలు అవుతుందని అంటున్నాడు. ఫ్యూజులు మాత్రం ఒక్కటీ పోలేదు. రెండు బల్బులు ఒకే క్షణంలో పోవడం సాధ్యమా? లోపం ఎక్కడుందో తేల్చకుండా మొత్తం వైరింగు మార్చడం న్యాయమేనా?

కొత్త లైసెన్సు

మెకానిక్కు చవక రకం బల్బులు వేసి ఉంటాడు. మంచి కంపెనీవి తెచ్చి వేయించి చూడండి.

మల్టీమీటరు

బల్బులు కావు. కొంతసేపు ఆగి స్విచ్చి తిప్పితే మళ్లీ వెలిగాయని మొదటి పోస్టులోనే ఉంది. ఫిలమెంటు తెగిన బల్బు చల్లారినంత మాత్రాన అతుక్కోదు.

ఇలాంటప్పుడు ముందు అడగవలసిన ప్రశ్న, రెండు లైట్లకూ ఉమ్మడిగా ఉన్న భాగం ఏది అని. చాలా కార్లలో ఎడమ లైటుకు ఒక ఫ్యూజు, కుడి లైటుకు ఒక ఫ్యూజు విడివిడిగా ఉంటాయి. అలా ఉన్నప్పుడు ఒక ఫ్యూజు పోతే ఒక లైటే పోతుంది. రెండూ కలిసి ఆరాయంటే, విద్యుత్తు రెండు దారులుగా చీలకముందే ఎక్కడో తెగుతోందన్న మాట. అక్కడ ఉండేవి స్టీరింగు పక్కనున్న కాంబినేషన్ స్విచ్చి (లైట్ల లివరు ఉండేది), రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంపే స్విచ్చి) ఉంటే ఆ రిలే, మధ్యలోని కప్లర్లు (వైర్లను కలిపే ప్లాస్టిక్కు ప్లగ్గులు). రెండింటికీ ఒకే ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే కనెక్షను) ఉన్న కారైతే ఆ ఎర్త్ కూడా అనుమానించవలసిందే.

ఆ కాలపు చిన్న కార్లు చాలావాటిలో హెడ్‌లైట్లకు రిలే ఉండదు. డిమ్‌లో బల్బుకు 55 వాట్ల చొప్పున రెండు బల్బులకు 110 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లకు పైగా కరెంటు, మన చిటికెన వేలి గోరంత కూడా లేని స్విచ్చి కాంటాక్టు గుండా పోతుంది. ఏళ్ల తరబడి అలా పోయాక కాంటాక్టు నల్లబడుతుంది, నల్లబడినకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కాక దాన్ని పట్టి ఉంచిన ప్లాస్టిక్కు మెత్తబడి కాంటాక్టు వదులవుతుంది. అప్పుడు లైట్లు ఆరిపోతాయి. చల్లారాక మళ్లీ తగిలి వెలుగుతాయి. మీరు చెప్పిన లక్షణాలు దీనితో సరిగ్గా సరిపోతున్నాయి.

ఒక్క సంగతి చెప్పండి. ఆరిపోయినప్పుడు బ్రైట్ వేసి చూశారా? లివరును మీ వైపు లాగి పట్టుకుంటే వెలిగాయా?

నైట్‌షిఫ్ట్

కారణం సంగతి మల్టీమీటరు గారు చూసుకుంటారు కానీ, ఆ క్షణంలో ఏం చేయాలన్నది ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. ఉక్కు కర్మాగారం రాత్రి డ్యూటీల పుణ్యమా అని కూర్మన్నపాలెం వైపు చీకట్లో తిరగడం నాకు అలవాటు. 60 వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఏమైందని తేరుకోవడానికి రెండు సెకన్లు పట్టినా 30 మీటర్లు దాటి గుడ్డిగా వెళ్లిపోయినట్టే.

అందుకే మొదట చేయవలసినది లివరును లాగి పట్టుకోవడం. ఓవర్‌టేక్ చేసేటప్పుడు వెలుగు కొట్టే ఆ ఫ్లాష్ చాలా కార్లలో మెయిన్ స్విచ్చితో పని లేకుండా వేరే కాంటాక్టు మీద నడుస్తుంది. లాగి పట్టుకున్నంతసేపూ బ్రైట్ వెలుగుతుంది. కాలు ఆక్సిలరేటరు మీద నుంచి తీయాలి, బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగు ఉన్నచోటే ఉంచాలి. హజార్డ్ లైట్లు ఆ తరువాత. మలుపులో ఉన్నప్పుడు మాత్రం మలుపు పూర్తయ్యేదాకా ఆపకపోవడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వెనుక వచ్చేవాడికి మలుపులో ఆగిన బండి కనిపించదు.

సాగర్‌నగర్ వాసి

బ్రైట్ వేసి చూడాలన్న ఆలోచన తొట్లకొండ దగ్గర రాలేదు. హనుమంతవాకలో మాత్రం లివరు లాగితే వెలిగాయి, వదిలితే ఆరాయి. అది ముఖ్యమైన ఆనవాలని ఇప్పుడే తెలిసింది.

బావమరిది బాధితుడు

మా కారుకూ పెందుర్తి అవతల ఇలాగే జరిగితే, మా బావమరిది కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి సెల్‌ఫోను టార్చి పట్టుకున్నాడు. దాని వెలుగులో మాకు కనిపించినది మా బావమరిది చెయ్యి ఒక్కటే. ఎదుటి లారీవాడు మమ్మల్ని స్కూటరు అనుకుని మా వైపే వచ్చేశాడు. దయచేసి ఎవరూ ప్రయత్నించకండి.

తెల్ల అంబాసిడర్

మా నాన్నగారి అంబాసిడరులో డిమ్, బ్రైట్ మార్చే బటను ఎడమ కాలి కింద, క్లచ్చి పక్కన ఉండేది. బూటు కాలితో తొక్కినా తట్టుకునేంత మందపాటి స్విచ్చి అది. వానాకాలం నేల తడిసి తుప్పు పట్టేదే తప్ప, కాలిపోయిందని ఎన్నడూ వినలేదు. లైట్ల కాంటాక్టులను స్టీరింగు పక్కన సన్నటి లివరులోకి ఇరికించాకనే ఈ బాధలు మొదలయ్యాయి.

మల్టీమీటరు

తెల్ల అంబాసిడర్ గారూ, లివరు చేసిన తప్పేమీ లేదు, రిలే పెట్టకపోవడమే తప్పు. రిలే ఉంటే లివరు గుండా పోయే కరెంటు ఒక ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు.

ఘాట్‌రోడ్డు ప్రయాణి

రెండు బల్బులూ ఒకేసారి పోవడం అసాధ్యమని అందరూ తేల్చేస్తున్నారు. నాకు పోయాయి. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా లైట్లు మామూలు కంటే తెల్లగా, ఎక్కువగా వెలగడం మొదలుపెట్టాయి. కొత్త బ్యాటరీ మహిమ అనుకుని సంతోషించాను. గేరు దించి ఇంజను గట్టిగా తిప్పిన ఒక మలుపులో రెండూ పోయాయి. డిసెంబరు నెల, మంచు, పక్కన లోయ. ఒక జీపు వెనుక దాని బ్రేకు లైట్లు చూసుకుంటూ అరకు చేరాము.

తెల్లవారి చూస్తే, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరులో వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు పాడై 16 వోల్టులకు పైగా ఇస్తోంది. బ్యాటరీలో నీళ్లు సగం ఆవిరయ్యాయి. కాబట్టి సాగర్‌నగర్ వాసి గారు స్విచ్చి విప్పించే ముందు ఛార్జింగు వోల్టేజీ చూపించుకోవాలి. అందరూ డైనమో అనే ఆ వస్తువును ఎవరూ అనుమానించరు.

మల్టీమీటరు

మీ అనుభవం నిజమే, కానీ మీ బల్బులు పోయి, పోయినట్టే ఉన్నాయి. వీరివి మళ్లీ వెలిగాయి. తేడా అక్కడే ఉంది. ఎక్కువ వోల్టేజీ వచ్చిన కారులో ముందుగా లైట్లు తెల్లబడతాయి, తరచూ బల్బులు మార్చవలసి వస్తుంది, బ్యాటరీ దగ్గర పుల్లటి ఘాటు వాసన వస్తుంది, పోయిన బల్బును వెలుగుకు ఎత్తి చూస్తే ఫిలమెంటు తెగి కనిపిస్తుంది. అయినా మీరు చెప్పినట్టు కొలవడం మంచిదే, నిమిషం పని. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8కీ 14.5కీ మధ్య ఉంటే ఆల్టర్నేటరు మంచిదే.

జీపు వెనుక వెళ్లిన పద్ధతి మాత్రం సమర్థించలేను. ఆ జీపు లోయలోకి పోతే మీరూ పోయేవారు.

ఘాట్‌రోడ్డు ప్రయాణి

ఆ రాత్రి ఆ మంచులో ఆగి ఉంటే, వెనుక వచ్చే లారీ మమ్మల్నే లోయలోకి నెట్టేది. ఘాట్‌లో అన్నిచోట్లా బండి తీసి ఆపే జాగా ఉండదు. కుర్చీలో కూర్చుని తప్పుపట్టడం తేలిక.

నైట్‌షిఫ్ట్

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. లైట్లు లేకుండా నడపడం చట్టప్రకారం మాత్రం తప్పే. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 105వ నియమం ప్రకారం సూర్యుడు అస్తమించిన అరగంట తరువాత నుంచి ఉదయించడానికి అరగంట ముందు వరకూ, ముందు 155 మీటర్ల దూరంలో ఉన్న మనుషులూ వాహనాలూ స్పష్టంగా కనిపించేంత వెలుతురు లేని ఇతర వేళల్లోనూ దీపాలు వెలగాలి. 

భీమిలి తీరం

అందరూ స్విచ్చి, ఆల్టర్నేటరు అంటున్నారు, ఉప్పుగాలిని మరిచిపోయారు. కారు ఉండేది సాగర్‌నగర్‌లో, సముద్రం నుంచి రాయి విసిరితే తగిలేంత దూరంలో. హెడ్‌లైటు ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు దగ్గర చూడండి. నా కారులో అది బ్యాటరీ ట్రే కింద, ఎడమ లైటు వెనుక ఉంది. పైకి బోల్టు బిగుతుగానే కనిపించింది. విప్పితే వైరు చివరి రింగు అడుగున పచ్చటి పొడి పేరుకుని ఉంది, కింది బాడీ రేకు గోధుమ రంగు పొరలుగా ఊడివచ్చింది. ఆ పొడి మీద నుంచి రెండు లైట్ల కరెంటు తిరిగి వెళ్లాలి. ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు వేసి బిగించి, పైన గ్రీజు పూశాక లైట్లు బాగుపడ్డాయి. ఖర్చు ఒక టీ, ఒక సమోసా.

బావమరిది బాధితుడు

టీ, సమోసా మీకా, మెకానిక్కుకా?

భీమిలి తీరం

నాకే. పని నేనే చేసుకున్నాను.

ఆటోనగర్ ఎర్త్

గాజువాక ఆటోనగర్‌లో ఈ పనే చేస్తాను కాబట్టి మా వాళ్ల తరఫున ఒక మాట చెప్పనివ్వండి. మొత్తం వైరింగు మార్చమన్న ఎలక్ట్రీషియను దొంగ కాకపోవచ్చు. పాత కారులో ఇంతకుముందు ఎవరెవరో హారనుకు ఒక వైరు, పాటల పెట్టెకు ఒక వైరు, ఫాగ్ ల్యాంపులకు ఒక వైరు అతికించి టేపు చుట్టి ఉంటారు. లోపం వెతకడానికి ఒక పూట పడుతుంది, ఆ పూటకు కూలి ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోరు. కొత్త వైరింగు వేస్తే మాత్రం డబ్బు ఇస్తారు. అందుకే చాలామంది ఆ మాటే చెబుతారు. వెతికే కూలి విడిగా ఇస్తానని ముందే చెప్పి చూడండి, జవాబు మారుతుంది.

ఇంకొక ప్రశ్న. మెకానిక్కు తీసేసిన పాత బల్బులు మీ దగ్గర ఉన్నాయా? వాటి అడుగున రేకు మీద ఏమి రాసి ఉందో చూసి చెప్పండి.

సాగర్‌నగర్ వాసి

డ్యాష్‌బోర్డు పెట్టెలో పడి ఉన్నాయి. రేకు మీద 12వి 100/90 అని ఉంది. మెకానిక్కు కొత్తగా వేసినవి 60/55. రెండూ ఒకలాగే బిగిశాయి కాబట్టి నేను పట్టించుకోలేదు. పాత బల్బుల ఫిలమెంటులు చెక్కుచెదరలేదు.

ఆటోనగర్ ఎర్త్

అనుకున్నదే. కారు అమ్మినాయన ఎక్కువ వెలుగు కోసం 100/90 బల్బులు (బ్రైట్ 100 వాట్లు, డిమ్ 90 వాట్లు) వేసుకున్నాడు. అప్పుడు డిమ్‌లోనే 180 వాట్లు, 12 వోల్టులకు 15 ఆంపియర్లు. స్విచ్చి, వైర్లు 9 ఆంపియర్ల కోసం చేసినవి. ఆయన హయాంలో కాలిన కాంటాక్టు మీ హయాంలో విడిపోయింది. ఫ్యూజులు కూడా చూడండి. నీలం రంగువి 15 ఆంపియర్లు, పసుపు 20, ఆకుపచ్చ 30. ఎవరైనా పెద్ద బల్బుల కోసం ఆకుపచ్చది గుచ్చి ఉంటే వెంటనే తీసేయండి, ఎందుకంటే అప్పుడు ఫ్యూజు కంటే ముందు వైరే కాలుతుంది.

బల్బు హోల్డరు కూడా చేత్తో పట్టుకుని చూడండి. తెల్ల ప్లాస్టిక్కు గోధుమ రంగుకు తిరిగి, పెళుసుగా విరుగుతుంటే అదీ మార్చవలసిందే.

కొత్త లైసెన్సు

ఇంత తలనొప్పి ఎందుకు? ఎల్‌ఈడీ బల్బులు వేసుకుంటే కరెంటు తక్కువ తీసుకుంటాయి, వెలుగు ఎక్కువ, స్విచ్చి కాలదు. నా స్నేహితుడు వేయించుకున్నాడు, పగల్లా ఉంటుంది.

ఘాట్‌రోడ్డు ప్రయాణి

మీ స్నేహితుడికి పగల్లా ఉంటుంది, ఎదుటివాడికి రాత్రే అవుతుంది. హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టరులో ఫిలమెంటు ఒక నిర్ణీత బిందువు దగ్గర ఉంటేనే వెలుగు రోడ్డు మీద పడుతుంది. డిమ్ ఫిలమెంటు కింద చిన్న కప్పులాంటి రేకు ఉంటుంది, పైకి పోయే వెలుగును ఆపేది అదే. అందులో ఎల్‌ఈడీ గుచ్చితే వెలుగు చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లలో పడుతుంది. సింహాచలం కొండ దిగుతున్నప్పుడు అలాంటి కారు ఎదురైతే తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు. కంపెనీ నుంచే ఎల్‌ఈడీతో వచ్చిన కార్ల సంగతి వేరు, వాటి హెడ్‌లైటు నిర్మాణమే వేరు.

కొత్త లైసెన్సు

సరే, వెలుగు సంగతి ఒప్పుకుంటున్నాను. కరెంటు తక్కువన్నది మాత్రం నిజమే కదా?

మల్టీమీటరు

నిజమే. కానీ కాలిన కాంటాక్టు కాలినట్టే ఉంటుంది, పచ్చపొడి పట్టిన ఎర్త్ అలాగే ఉంటుంది. జబ్బు ఉన్నచోట ఉండగా పథ్యం మార్చినంత మాత్రాన ఏమి ఉపయోగం?

సాగర్‌నగర్ వాసి గారూ, ఇక ఊహలు ఆపి కొలుద్దాం. మామూలు మల్టీమీటరు చాలు, డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ముందుగా మీ కారులో లివరు తెంపేది ప్లస్సునా, ఎర్త్‌నా అన్నది తేల్చుకోండి, ఎందుకంటే జపాన్ సంప్రదాయపు కొన్ని కార్లలో ప్లస్సు నేరుగా బల్బుకు వచ్చి, లివరు ఎర్త్ వైపు తెంపుతుంది. బల్బు కప్లరు ఊడదీసి లైట్లు ఆపి ఉంచినప్పుడు మూడు పిన్నుల్లో ఒకటి బాడీతో నేరుగా కలిసి ఉంటే, మీది ప్లస్సు తెంపే కారు.

అదే అయితే కప్లరు మళ్లీ పెట్టి, ఇంజను నడుస్తుండగా డిమ్ వేసి మూడు చోట్ల చూడండి. ఒకటి, బ్యాటరీ రెండు కొసల మధ్య. రెండు, బ్యాటరీ ప్లస్సుకూ బల్బు డిమ్ పిన్నుకూ మధ్య. మూడు, బల్బు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్సుకూ మధ్య. రెండోది, మూడోది ఎంత ఎక్కువ చూపిస్తే ఆ దారిలో అంత వోల్టేజీ వృథా అవుతోందని అర్థం. ఒక్కొక్కటి అర వోల్టు దాటకూడదు. లైట్లు వెలుగుతుండగానే కొలవాలి. ఆపి కొలిస్తే కరెంటు పారదు కాబట్టి కుళ్లిన వైరు కూడా మంచిదిలా కనిపిస్తుంది. టెస్ట్ లైటు పెట్టి వెలిగింది కాబట్టి బాగుందనే మెకానిక్కులు పొరపడేది ఇక్కడే.

తెల్ల అంబాసిడర్

ఈ పోస్టును అచ్చు వేయించి మా మెకానిక్కు షెడ్డు గోడకు అంటించాలని ఉంది. ఆయన టెస్ట్ లైటుతోనే జాతకాలు కూడా చెబుతాడు.

సాగర్‌నగర్ వాసి

మా కారు ప్లస్సు తెంపే రకమే. ఈ ఉదయం కొలిచిన లెక్క ఇది. బ్యాటరీ మీద 14.1 వోల్టులు, కాబట్టి ఘాట్‌రోడ్డు ప్రయాణి గారు చెప్పిన ఆల్టర్నేటరు జబ్బు లేదు. ప్లస్సు దారిలో 2.2 వోల్టులు, ఎర్త్ దారిలో 0.7 వోల్టులు పోతున్నాయి. అంటే బల్బుకు అందుతున్నది 11.2 మాత్రమే.

తరువాత స్టీరింగు కింది కవరు విప్పాను. నాలుగు స్క్రూలు తీయగానే కాలిన బేకలైటు వాసన వచ్చింది. కాంబినేషన్ స్విచ్చిలోకి వెళ్లే కప్లరులో ఎరుపు గీత ఉన్న తెల్ల వైరు చివర ప్లాస్టిక్కు కరిగి, పిన్నును సగం మింగేసి ఉంది. దాని పక్క పిన్నులన్నీ మెరుస్తున్నాయి. స్విచ్చి లోపల డిమ్ కాంటాక్టు మసిబొగ్గులా ఉంది, బ్రైట్ ఫ్లాష్ కాంటాక్టు మాత్రం రాగి రంగులోనే ఉంది. ఎర్త్ బోల్టు దగ్గర భీమిలి తీరం గారు వర్ణించిన పచ్చపొడి ఉంది. ఫ్యూజులు రెండూ నీలం రంగువే.

మల్టీమీటరు

ప్లస్సు దారిలో పోయే 2.2 వోల్టులను 8 ఆంపియర్లతో గుణిస్తే 17 వాట్లకు పైగా వస్తుంది. అందులో ఎక్కువ భాగం ఆ ఒక్క పిన్ను దగ్గర, ప్లాస్టిక్కు మధ్యలో వేడిగా మారుతోంది. చిన్న సోల్డరింగు ఐరన్ను స్టీరింగు కింద పెట్టుకుని తిరిగినట్టే. నిప్పు అంటుకోకపోవడం మీ అదృష్టం. ఇంకొక రాత్రి కూడా ఆ కారు నడపకండి.

ఆటోనగర్ ఎర్త్

ఇక తేలిపోయింది కాబట్టి చేయవలసిన పని చెబుతాను. కాంబినేషన్ స్విచ్చి, కరిగిన కప్లరు మార్చాలి. కప్లరు కోసం మొత్తం హార్నెస్సు (వైర్ల కట్ట) కొననవసరం లేదు. మా దగ్గర పాత కార్లవి కోసి తీసినవి దొరుకుతాయి, ఒక జానెడు వైరుతో సహా తీసుకుని అతకవచ్చు. అతుకులు మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు, సోల్డరు చేసి పైన వేడికి బిగుసుకునే గొట్టం తొడగాలి.

తరువాత రెండు రిలేలు పెట్టాలి, డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి. రిలే అడుగున అంకెలు ఉంటాయి. 30కి బ్యాటరీ ప్లస్సు నుంచి నేరుగా లావు వైరు, ఆ వైరుకు బ్యాటరీకి దగ్గరగానే 20 ఆంపియర్ల ఫ్యూజు. 87 నుంచి బల్బులకు. 86కు లివరు నుంచి వచ్చే పాత వైరు, 85కు ఎర్త్. ఇప్పుడు లివరు చేసే పని రిలేను మేల్కొలపడం మాత్రమే. రిలేలను బ్యాటరీ ఆసిడ్ ఆవిరి తగిలే చోట కాకుండా, నీళ్లు పడని చోట, పిన్నులు కిందికి ఉండేలా బిగించాలి. బల్బులు 60/55వే ఉంచండి. కూలితో కలిపి చెప్పిన 9,000లో మూడో వంతు కూడా కాదు.

నైట్‌షిఫ్ట్

డిమ్‌కూ బ్రైట్‌కూ ఒకే ఫ్యూజు పెట్టకండి. ఆ ఫ్యూజు పోయిందంటే మళ్లీ తొట్లకొండ కథే. రెండు రిలేలకు రెండు ఫ్యూజులు, రెండు వేర్వేరు వైర్లు ఉండాలి, అప్పుడు ఒకటి పోయినా రెండోది ఉంటుంది.

ఆటోనగర్ ఎర్త్

మంచి మాట. బజారులో దొరికే చవక రిలే కిట్లలో ఒకే ఫ్యూజు ఉంటుంది. కిట్టు కొన్నా సరే, ఆ భాగం విప్పి రెండుగా చేయించుకోవాలి.

విశాఖ వెలుగు

ఇంతదాకా చదివి నా పాత కారు కూడా కొలిచాను. బల్బు దగ్గర 11.6 వచ్చింది. లైట్లు బాగానే ఉన్నాయని ఇన్నాళ్లూ అనుకోవడానికి కారణం ఉంది. హుద్‌హుద్ తుపాను తరువాత నగరమంతటా ఎల్‌ఈడీ వీధి దీపాలు పెట్టారు. మద్దిలపాలెం నుంచి ఎన్.ఏ.డి. కూడలి దాకా హెడ్‌లైట్లు వేయడం మరిచిపోయినా తెలియనంత వెలుగు. నగరం లోపలే తిరిగేవాడికి తన లైట్లు చచ్చుబడ్డాయని ఎలా తెలుస్తుంది? ఆనందపురం దాటి చీకట్లోకి వెళ్లినప్పుడు గానీ బయటపడదు.

భీమిలి తీరం

మా వైపు ఏడాదికి ఒకసారైనా ఎర్త్ బోల్టులు విప్పి రుద్దాల్సిందే. వానాకాలం ముగిశాక, నవంబరులో చేయడం మంచిది.

సాగర్‌నగర్ వాసి

పని పూర్తయింది. స్విచ్చి, కప్లరు మార్చి, రెండు ఫ్యూజులతో రెండు రిలేలు పెట్టించి, ఎర్త్ వైరును కొత్త చోట బిగించాము. వెతికే కూలి విడిగా ఇస్తానని చెప్పాక, మొత్తం వైరింగు మార్చాలన్న ఎలక్ట్రీషియనే ఈ పని చేశాడు. ఇప్పుడు బల్బు దగ్గర 13.7 వోల్టులు వస్తున్నాయి. నిన్న రాత్రి పనిగట్టుకుని మంగమారిపేట దాకా వెళ్లి వచ్చాను, స్టీరింగు కింద చెయ్యి పెట్టి చూస్తే ఎక్కడా వేడి లేదు. వెలుగు ఎంత పెరిగిందంటే, ఎదుటివాళ్లు నేను బ్రైట్ వేశాననుకుని డిప్పరు కొడుతున్నారు. ఇది మామూలేనా?

మల్టీమీటరు

హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో పాటు సమానంగా పెరగదు, అంతకంటే చాలా వేగంగా పెరుగుతుంది. 11.2 నుంచి 13.7కు వస్తే లెక్క ప్రకారం వెలుగు దాదాపు రెట్టింపు అవుతుంది. డిప్పరు కొట్టడం మాత్రం మామూలు కాదు. మసక లైట్లతో దూరం కనిపించడం లేదని పాత యజమాని లైట్ల దిశను పైకి లేపి ఉంటాడు, అది ఇప్పుడు కిందికి దించాలి.

సమతలంగా ఉన్నచోట గోడకు ఎదురుగా బంపరు ఆనేంత దగ్గరగా నిలిపి, డిమ్ వేసి, వెలుగు పై అంచు గోడ మీద ఎక్కడ ఉందో సుద్దముక్కతో గీయండి. తరువాత నేరుగా 10 మీటర్లు వెనక్కి వెళ్లండి. అప్పుడు వెలుగు పై అంచు ఆ గీత కంటే సుమారు 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవరు సీట్లో ఒకరు కూర్చుని ఉండాలి, డిక్కీలో బరువులు ఉండకూడదు. హెడ్‌లైటు వెనుక రెండు స్క్రూలు ఉంటాయి, ఒకటి పైకీ కిందికీ, ఇంకొకటి పక్కలకు. పక్కలది ముట్టుకోకండి.

బావమరిది బాధితుడు

డ్రైవరు సీట్లో కూర్చోబెట్టడానికి మా బావమరిదిని పంపగలను. టార్చి కూడా తెచ్చుకుంటాడు.

సాగర్‌నగర్ వాసి

మా అపార్టుమెంటు సెల్లారు గోడ ముందు 10 మీటర్ల జాగా లేదు, 5 మీటర్లే ఉంది. అక్కడైతే ఎంత దించాలి?

ఆటోనగర్ ఎర్త్

అయిదు సెంటీమీటర్లు. సెల్లారు నేల వాలుగా ఉంటే మాత్రం అక్కడ చేయకండి, గీత తప్పుతుంది. ఉదయం పెట్రోలు బంకు ప్రహరీ గోడ ముందు అడిగితే చేసుకోనిస్తారు, తెల్లవారకముందే వెళ్లండి.